ఊరి పోటీలో మా ఇంటి పళ్ళేలు

మే నెలాఖరులో ఒకరోజు తలుపుకున్న ఉత్తరాల సందులోంచి ఆకుపచ్చ అట్ట వేసిన చిన్న పుస్తకం ఒకటి లోపల పడింది. సెప్టెంబరు మొదటి శనివారం జరిగే మా ఊరి షో షెడ్యూలు అది. షో అంటే ఊరివాళ్ళు పండించినవీ, వండినవీ పోటీకి పెట్టే రోజు. మేముంటున్నది ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఒక పల్లె. ఊరంతా కలిపి మూడు వందల గడప ఉంటుందేమో. ఇక్కడికి వచ్చిన నాలుగేళ్ళుగా ఏటా ఆ పుస్తకం వస్తూనే ఉంది. షో రోజు మధ్యాహ్నం డేరాలోకి వెళ్ళి, ఒకే పొడవున కడిగి పేర్చిన క్యారెట్లనూ, మెడలకు దారం చుట్టిన ఉల్లిపాయలనూ చూసి, కేకుల బల్ల ముందు కాసేపు నిలబడి, టీ తాగి ఇంటికి వచ్చేవాళ్ళం. అంతకు మించి ఆ పుస్తకంతో మాకు పని పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఈ ఏడు అత్తయ్య ఇక్కడ ఉన్నారు. ఆరు నెలల వీసా మీద ఏప్రిల్‌లో తెనాలి నుంచి వచ్చారు. ఆ సాయంత్రం నేను గిన్నెలు తుడుస్తుంటే పుస్తకం తిరగేస్తూ, "ఇందులో ఏముందమ్మాయ్?" అని అడిగారు. తెలుగులో చదివి చెప్పాను. ఆరు చిక్కుడు కాయలు, మూడు గులాబీలు, ఒక సీసా జామ్, ఒక విక్టోరియా శాండ్‌విచ్ కేకు, మగవాళ్ళు మాత్రమే చేయవలసిన ఐదు స్కోన్లు (బన్నుల్లాంటి చిన్న రొట్టెలు), ఐదు ఉప్పు బిస్కెట్లు, చిన్నపిల్లలు అలంకరించిన నాలుగు కప్పు కేకులు. ఆవిడ చివరిదాకా విని, "మరి మనం ఏం పెడుతున్నాం?" అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గరే పంపకాలు జరిగిపోయాయి. నాకు విక్టోరియా కేకు, మా ఆయనకు స్కోన్లు, ఎనిమిదేళ్ళ పాపకు కప్పు కేకులు. ఉప్పు బిస్కెట్లు తాను చేస్తానన్నారు అత్తయ్య. ఆవిడ ఎన్నడూ ఓవెన్ ముట్టుకున్నది లేదు. అయినా బిస్కెట్లు ఆవిడకు కొత్త కాదు. పిల్లల చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మైదా, పంచదార, డాల్డా, వాము సంచిలో పెట్టుకుని బేకరీకి తీసుకువెళ్ళేవారట. కూలి ఇస్తే వాళ్ళే కలిపి, కాల్చి, రేకు డబ్బాలో వేసి ఇచ్చేవారు. "కలిపినంతసేపూ పక్కనే నిలబడేదాన్ని. మన సరుకు మన బిస్కెట్లలోకే వెళ్ళిందో లేదో చూసుకోవద్దూ?" అన్నారు. నలభై ఏళ్ళ కిందట అలా నిలబడి చూసిన చూపు ఎంత గట్టిదో నాకు జూలైలో గాని తెలియలేదు.

నా కేకు సంగతి ముందు చెప్పాలి. విక్టోరియా శాండ్‌విచ్ చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. రెండు గుండ్రటి కేకులు, మధ్యలో రాస్ప్‌బెర్రీ జామ్, పైన సన్న పంచదార. అంతే. పేరు విక్టోరియా రాణిది. ఆమె కాలంలోనే, 1843లో, బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఈస్టు పడని తన భార్య కోసం బేకింగ్ పౌడర్ తయారు చేశాడు. ఆ తర్వాత రెండేళ్ళకు బ్రిస్టల్‌లో హెన్రీ జోన్స్ దానంతట అదే పొంగే పిండికి పేటెంటు తీసుకున్నాడు. ఇంత వెన్న పడిన కేకు ఇంట్లో ఇలా తేలిగ్గా పొంగడం వీళ్ళ చలవే. మా ఊళ్ళో ఇలాంటి సంగతులు చెప్పడానికి పక్కింటావిడ ఉన్నారు. ఎనభైకి దగ్గర పడిన మనిషి. ముప్ఫై ఏళ్ళుగా ఈ షోలో కేకులు పెడుతున్నారు. ఆవిడ విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే మహిళా సంఘంలో సభ్యురాలు కూడా. బ్రిటన్‌లో ఆ సంఘం తొలి శాఖ 1915లో వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపంలో మొదలైంది. విక్టోరియా కేకు ఎలా ఉండాలన్న విషయంలో ఇక్కడి పల్లెల్లో ఆ సంఘం మాటే చెల్లుతుంది.

నేను పాల్గొంటున్నానని చెప్పగానే ఆవిడ కొలతలు చెప్పలేదు, చిట్కాలు చెప్పలేదు. "షెడ్యూలు రెండుసార్లు చదువు. చేశాక మూడోసారి చదువు" అన్నారు. ఆ మాట మీద మళ్ళీ చదివాను. మూడు గుడ్లతో చేయాలి. జామ్ రాస్ప్‌బెర్రీదే కావాలి. క్రీము పూయకూడదు. పైన చల్లేది సన్న పంచదారే గాని పిండిలాంటి ఐసింగ్ చక్కెర కాదు. వీటిలో ఏది తప్పినా న్యాయనిర్ణేత చీటీ మీద ఎన్.ఏ.ఎస్. అని మూడు అక్షరాలు రాస్తారు. షెడ్యూలులో చెప్పినట్టు లేదని దాని అర్థం. ఆ మూడు అక్షరాలు పడితే కేకు ఎంత రుచిగా ఉన్నా పోటీలో లేనట్టే.

కొలత విధానం నాకు చాలా నచ్చింది. గుడ్లను పెంకుతోనే తూచాలి. మూడు గుడ్లు నూట ఎనభై గ్రాములు తూగితే వెన్న అంతే, పంచదార అంతే, పిండీ అంతే. ఇక్కడ మధ్యరకం గుడ్డంటే 53 నుంచి 63 గ్రాముల దాకా ఉంటుంది. అందుకే పుస్తకంలోని అంకె కన్నా చేతిలోని గుడ్డే నమ్మదగింది. అత్తయ్యకు ఈ పద్ధతి చెబితే, "సమానానికి సమానం. ఇంక మరిచిపోయేదేముంది?" అన్నారు.

అయినా మొదటి కేకు నడిమధ్యన గుట్టలా లేచి పగిలింది. నేను ఓవెన్‌ను నూట ఎనభై డిగ్రీల దగ్గర పెట్టాను. లోపల వేలాడదీసే చిన్న ఉష్ణమాపకం కొని చూస్తే రెండు వందలు చూపించింది. పైగా మాది ఫ్యాను తిరిగే ఓవెన్, దానికి ఇంకా తక్కువ వేడి చాలు. అంచులు ముందే గట్టిపడిపోతే లోపలి పిండికి పైకి లేవడం తప్ప దారి ఉండదు. ఆ సంగతి నాకు పగుళ్ళు చూశాకే అర్థమైంది. రెండో కేకుకు వేడి తగ్గించాను. బాగా పొంగుతుండగా పాప చూద్దామని తలుపు తీసింది. మధ్యలో గుంట పడింది. మూడోసారి వెన్న, పంచదార బాగానే చిలికాను గాని, గుడ్లు వేయగానే అంతా విరిగిన పాలలా అయింది. అత్తయ్య గిన్నెలోకి తొంగిచూసి, "గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే కొట్టావా? చల్లటి పాలలో తోడు వేస్తే తోడుకుంటుందా?" అని అడిగారు. ఆ రోజు నుంచి గుడ్లూ వెన్నా ముందు రాత్రే బయట పెట్టడం మొదలుపెట్టాను.

చిలకడం ఎప్పుడు ఆపాలన్నదీ ఆవిడే చెప్పారు. వెన్న తెల్లబడి తేలికయ్యేదాకా అని పుస్తకాల్లో ఉంటుంది. ఎంత తెలుపో, ఎంత తేలికో చదివితే తెలియదు. "గారెల పిండి రుబ్బి, చిటికెడు నీళ్ళలో వేస్తే తేలాలి కదా. అలా గాలి ఎక్కాలి" అన్నారు. చెంచాడు తీసి నీళ్ళలో వేశాను. తేలింది.  ఆ పోలికతో ఏం కావాలో నా చేతికి తెలిసింది. నాలుగో కేకు చదునుగా, నిండుగా, బంగారు రంగులో వచ్చింది.

దాని మీద తీగల గీతలు పడ్డాయి. వేడి కేకును చల్లారడానికి తీగలతో అల్లిన జల్లి మీద బోర్లిస్తే ఆ తీగలు మెత్తటి కేకులోకి దిగి అచ్చు పడతాయి. తినేవాళ్ళకు దానితో పని లేదు. పోటీలో మాత్రం అది తప్పు. పక్కింటావిడ దాన్ని చూసి వేలితో ఒక గీతను చూపించి తల అడ్డంగా ఊపారు. ఇద్దరం నిలబడి ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే అత్తయ్య గదిలోకి వెళ్ళి ఒక గుడ్డ తెచ్చారు. ఊరి నుంచి వడియాలు మూటగట్టి తెచ్చిన పాత నూలు చీర ముక్క. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి ఆ నేతలో గరుకుతనం ఏమీ మిగల్లేదు. దాన్ని నాలుగు మడతలు వేసి జల్లి మీద పరిచారు. ఆ తర్వాత చేసిన ఏ కేకు మీదా గీత పడలేదు. పక్కింటావిడ ఆ గుడ్డను చేతుల్లోకి తీసుకుని చాలాసేపు తడిమి చూశారు.

జామ్ కొన్నది వేయవచ్చా అంటే, వేయవచ్చు, కాని వేయరు. జూలై రెండో వారంలో మనమే కోసుకునే తోటకు వెళ్ళి ఒక కిలో రాస్ప్‌బెర్రీలు తెచ్చాం. కిలో పండ్లకు కిలో పంచదార. ఉడుకుతున్న జామ్ 104 డిగ్రీలు దాటాక గట్టిపడుతుందని చదివి నేను ఉష్ణమాపకం పట్టుకుని నిలబడ్డాను. అత్తయ్య గరిటె పైకెత్తి చుక్కలు ఎలా జారుతున్నాయో చూస్తున్నారు. రెండుసార్లు "ఇంకా లేతగా ఉంది" అన్నారు. మూడోసారి "ఇక దించు" అన్నారు. చూస్తే సరిగ్గా 104 దగ్గర ఉంది. ఇక్కడివాళ్ళు ఫ్రిజ్‌లో చల్లబరిచిన సాసరు మీద ఒక చుక్క వేసి వేలితో నెడతారు. ముడత పడితే జామ్ అయినట్టు. ముడత పడింది. ప్రతి సంక్రాంతికీ అరిసెల పాకం నీళ్ళలో వేసి ఉండ కట్టి చూసే మనిషికి ఇందులో కొత్త ఏమీ లేదు. నాకు మాత్రం ఆవిడను ఆ పొయ్యి దగ్గర చూడటం కొత్త. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆవిడ పాకం పట్టేటప్పుడు నేను పక్కన ఉన్నది రెండు పండుగలకే. ఆ రెండుసార్లూ పిండి జల్లించే పనిలోనే ఉన్నాను.

మా ఆయన స్కోన్ల కథ చిన్నది. మొదటిసారి చపాతీ పిండిలా పిసికారు, రాళ్ళలా వచ్చాయి. చల్లటి వెన్నను వేళ్ళ చివరలతో పిండిలో నలిపి, పాలు పోసి, ముద్ద అయీ కానట్టుండగానే ఆపేయాలి. కోసేటప్పుడు అచ్చును తిప్పకూడదు, తిన్నగా నొక్కి తీయాలి. తిప్పితే అంచు మూసుకుపోయి స్కోను ఒక పక్కకు ఒరుగుతుంది. ఈ రెండూ పట్టుబడ్డాక ఆయన చేతికి ఎదురు లేకుండా పోయింది. ఆగస్టులో ప్రతి ఆదివారం మా ఇంట్లో ఫలహారం స్కోన్లే.

అత్తయ్య బిస్కెట్లకు వస్తాను. పావుకిలో మైదా, అందులో సగం వెన్న, ఉప్పు, చిటికెడు పంచదార, నలిపిన వాము, కలపడానికి రెండు చెంచాల పెరుగు. డాల్డా దొరకదు కాబట్టి వెన్న వాడదామంటే ముందు ఒప్పుకోలేదు, తిన్నాక ఒప్పుకున్నారు. పిండి కలిపి, ఉండలు చేసి, అరచేత్తో తట్టి ట్రేలో పెట్టేవారు. ఒకరోజు కుతూహలం కొద్దీ ఆవిడ చేసిన ఉండలను ఒక్కొక్కటిగా త్రాసు మీద పెట్టాను. ఇరవై గ్రాములు. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై. ఇరవై. పన్నెండు తూచాను. గ్రాముకు మించి తేడా రాలేదు. "ఏం చూస్తున్నావు?" అన్నారు. చెప్పాను. "అరిసెలు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే నూనెలో ఒకటి మాడుతుంది, ఒకటి పచ్చిగా ఉంటుంది. చెయ్యి అదే నేర్చుకుంటుంది" అన్నారు.

పోటీ పళ్ళెంలో వస్తువులన్నీ ఒకే తీరున ఉండాలని షెడ్యూలు చివరి పేజీలో సలహాగా రాసి ఉంది. ఐదు స్కోన్లంటే ఐదు మంచి స్కోన్లు కావు, ఒకదాన్ని ఒకటి పోలిన ఐదు. కూరగాయలకైనా అంతే. ఇన్నాళ్ళూ ఆ డేరాలో వరసగా పేర్చిన క్యారెట్లు చూసి ఇదేదో అందం కోసం అనుకున్నాను. ఒక్కటి బాగా రావడం అదృష్టం కావచ్చు. ఐదూ ఒకేలా రావాలంటే చేతికి విద్య తెలిసి ఉండాలి. తోటవాళ్ళు ఏడాదంతా పడే పాటు అందుకే. అత్తయ్య ఉండల బరువు చూశాక నాకది అర్థమైంది.

షోకు ముందు గురువారం సాయంత్రం ఆరులోపు దరఖాస్తులు ఇవ్వాలి. ఒక్కో వస్తువుకు ముప్ఫై పెన్నీలు, పిల్లలకు ఉచితం. అత్తయ్య తన దరఖాస్తు మీద తానే తెలుగులో సంతకం చేశారు. తీసుకున్నాయన ఆ అక్షరాలను చూసి, ఇది ఏ భాష అని అడిగి, పేరును పలికించుకుని రాసుకున్నారు.

శనివారం ఉదయం నాలుగున్నరకు లేచాను. కేకు ఆ రోజు చేసినదైతేనే మెత్తదనం నిలుస్తుంది. గుడ్లు, వెన్న, పంచదార, పిండి తూచాను. పిండి కలిపి రెండు పాత్రల్లోకి పంచే వేళకు త్రాసు ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయింది. ఇంట్లో మరొకటి లేదు. అప్పటికే లేచి బిస్కెట్లు ఏరుతున్న అత్తయ్య, "నేను పంచనా?" అన్నారు. "వద్దులెండి అత్తయ్యా, నేను చూసుకుంటాను" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆ కేకు మొదటి నుంచి చివరి దాకా నా చేతి మీదే జరగాలని అనిపించి ఉంటుంది. కంటి అంచనాతో పంచేశాను.

ఆవిడ ముందు రాత్రి కాల్చిన ఇరవై నాలుగు బిస్కెట్లనూ బల్ల మీద వరసగా పేర్చి, రంగు చూసి, అంచు చూసి, చెవి దగ్గర మెల్లగా తట్టి చూసి ఐదు తీశారు. మిగిలినవి ఒక స్టీలు డబ్బాలో సర్దుకున్నారు.

డేరాలో పెట్టుకోవడానికి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా సమయం. లోపల ఒకటే హడావిడి, కాని గట్టిగా మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. పూలవాళ్ళు చెంబుల్లో నీళ్ళు మోస్తున్నారు. ఒకాయన ఉల్లిపాయలను మెత్తటి బ్రష్‌తో తుడుస్తున్నారు. నేను నా కేకు పళ్ళేన్ని చేతుల్లో పెట్టుకుని నడుస్తుంటే గుండె దడదడలాడింది. పైన పంచదార అక్కడికి వెళ్ళాక చల్లాలని పక్కింటావిడ ముందే చెప్పారు. చల్లాను. పేరున్న చీటీని బోర్లించి, నంబరు పైకి కనిపించేలా పెట్టాను. మా ఆయన బల్ల అవతలి వరసలో ఉంది. పాప తన కప్పు కేకుల మీది నత్తకు ఒక కొమ్ము ఊడిపోతే ఏడుపు మొహం పెట్టింది, దాన్ని అతికించేసరికి పదీ ఇరవై అయింది. అత్తయ్య తన పళ్ళెం తానే పెట్టుకున్నారు. దూరం నుంచి చూశాను. రెండడుగులు వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు వెళ్ళి ఏదో సర్దారు. పదిన్నరకు అందరినీ బయటికి పంపి డేరా తెర దించేశారు.

మధ్యాహ్నం రెండుకు తెరిచారు. ముందు నా కేకు దగ్గరికే వెళ్ళాను. తొమ్మిది కేకులు. ఒక్కోదాని నుంచి సన్నటి ముక్క కోసి ఉంది. ఇక్కడ మొదటి బహుమతికి ఎర్ర చీటీ, రెండోదానికి నీలం, మూడోదానికి పసుపు. నా దగ్గర ఏ రంగూ లేదు. చిన్న కాగితం మీద పెన్సిలుతో రెండు వాక్యాలు రాసి ఉన్నాయి. రుచి, మెత్తదనం చక్కగా ఉన్నాయి, జామ్ చాలా బాగుంది. పై పొర కింది పొర కన్నా స్పష్టంగా పలుచన. వంగి పక్క నుంచి చూశాను. నిజమే. ఇంట్లో ఎలా కనిపించలేదో తెలియదు. త్రాసు ఆరిపోయినప్పుడు పక్కనే ఇరవై గ్రాముల ఉండను గ్రాము తేడా లేకుండా చేసే చేతులు ఉన్నాయి. అవి అడిగాయి కూడా. ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

ఎర్ర చీటీ పక్కింటావిడది. మా ఆయన స్కోన్లకు నీలం చీటీ వచ్చింది. పాప నత్తకు మూడో బహుమతి, ఒక పౌండు. ఆ నాణెం ఆ రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకుంది.

అత్తయ్య తన పళ్ళెం ముందు నిలబడి ఉన్నారు. చీటీ మీద ఏముందో ఆవిడకు అర్థం కాలేదు. నేను వెళ్ళి చూశాను. ఎన్.ఏ.ఎస్. దాని కింద, ఆరు ఉన్నాయి అని. ఇంకా కింద, కాగితం అంచుదాకా చిన్న అక్షరాలతో రాశారు: ఈ బల్ల మీద అన్నిటికన్నా రుచికరమైన బిస్కెట్లు ఇవే, పరిమాణంలో ఒక్క తేడా కూడా లేదు, చాలా చింతిస్తున్నాను.

పళ్ళెంలో ఐదు బిస్కెట్లు గుండ్రంగా ఉన్నాయి. నడుమ ఆరోది, న్యాయనిర్ణేత విరిచి చూసింది, సగం ఉంది.

"ఆరు పెట్టారా అత్తయ్యా?"

"ఐదూ పెట్టాను. ఒకటి కొసరు వేశాను" అన్నారు. "ఆవిడ విరిచి తిని చూడాలి కదా. అందులోంచి తీస్తే నాలుగే మిగులుతాయి. చూడటానికి బాగుంటుందా?"

నేను చదివి చెప్పింది తప్పు కాదు, ఐదు పెట్టాలనే చెప్పాను. కాని తెలుగులో ఆ మాట మా ఇద్దరికీ ఒకలా వినపడలేదు. నాకు ఐదంటే ఐదే. ఆవిడకు ఐదంటే అంతకు తగ్గకూడదని. పాలవాడు కొలిచాక కాస్త పోస్తేనే పోసినట్టు. కూరలమ్మి తూచాక గుప్పెడు కొత్తిమీర వేస్తేనే తూచినట్టు. లెక్కపెట్టి ఐదే పెట్టడం ఆవిడ చేతికి పీనాసితనంగా తోచింది. ఎక్కువైతే తప్పని నేను ఒక్క మాట విడిగా చెప్పి ఉంటే సరిపోయేది. పక్కింటావిడ మూడోసారి చదవమన్నది ఇందుకే. నా కేకు కోసం చదివాను. అత్తయ్య బిస్కెట్ల కోసం చదవలేదు.

చీటీలో ఉన్నదంతా తెలుగులో చెప్పాను. ఎన్.ఏ.ఎస్. అంటే ఏమిటో చెప్పినప్పుడు ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తేడా ఒక్కటి కూడా లేదని రాసిందా? మళ్ళీ చదువు" అన్నారు. మళ్ళీ చదివాను.

బహుమతులు ఇచ్చాక న్యాయనిర్ణేత ఎవరు అడిగినా బదులు చెప్పడానికి టీ బల్ల దగ్గర కూర్చున్నారు. వేరే ఊరి మనిషి. నేను అత్తయ్యను తీసుకువెళ్ళాను. ఆవిడ లేచి నిలబడి అత్తయ్య చేయి పట్టుకుని, ఆ గింజలేమిటని అడిగారు. వాము అని చెప్పి, కడుపునొప్పికి నమిలేది కూడా అదేనని అత్తయ్య చెప్పమంటే చెప్పాను. ఆరు ఎందుకు చెల్లవో ఆవిడే వివరించారు. ఒకరు ఆరు పెట్టి, ఒకరు ఐదు పెడితే ఆ ఐదు పెట్టినవాళ్ళకు అన్యాయం జరుగుతుంది. ఐదు ఒకేలా చేయడం కన్నా ఆరు ఒకేలా చేయడం కష్టం, కాని ఆ కష్టానికి మార్కులు ఇస్తే మాట మీద నిలబడిన మిగిలినవాళ్ళ పళ్ళేలకు విలువ ఉండదు. నాకు బాధగా ఉన్నా ఆ మాట సబబుగానే తోచింది. ఆవిడ చేసింది సరైన పని. ఆ బల్ల మీద మరో నాలుగు పళ్ళేలు ఉన్నాయి, వాటి వెనకా తెల్లవారుజామున లేచిన మనుషులే ఉన్నారు. పైగా మా పళ్ళేన్ని పక్కన పెట్టేసి ఊరుకోలేదు. విరిచి, తిని, కాగితం అంచుదాకా రాశారు. మన ఇళ్ళలో వంట చేసినవాళ్ళకు ఉప్పు ఎక్కువైందనో, బాగుందనో ఒక మాట వస్తుంది. చేతిపనిని ఇంత శ్రద్ధగా చూసి రాసిపెట్టిన కాగితం అత్తయ్యకు అరవై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి దొరికింది.

నాలుగున్నరకు వేలం. ఇంటికి తీసుకువెళ్ళనివన్నీ వేలం వేసి, ఆ డబ్బు ఊరి హాలు మరమ్మతులకు ఇస్తారు. గుమ్మడికాయలు, జామ్ సీసాలు, పువ్వులు పోయాక బిస్కెట్ల పళ్ళెం ఎత్తారు. వేలం పాడే ఆయన చీటీ మీది రాతను పైకి చదివారు. ఒక పౌండుతో మొదలైంది. ఉల్లిపాయలు తుడిచిన ఆయన రెండన్నారు. పక్కింటావిడ మూడన్నారు. ఆయన నాలుగన్నారు. ఆవిడ ఐదన్నారు. ఆయన టోపీ తీసి నవ్వి ఊరుకున్నారు.

"ఎంతకు పోయింది?" అన్నారు అత్తయ్య. ఐదు పౌండ్లు అని, రూపాయల్లో ఐదు వందల పైమాటేనని చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. చేతిసంచిలోంచి స్టీలు డబ్బా తీసి, జనంలోంచి దారి చేసుకుంటూ గబగబా నడిచి, పళ్ళెం పట్టుకుని వెళ్ళబోతున్న పక్కింటావిడను భుజం తట్టి ఆపారు. సగం విరిగిన బిస్కెట్‌ను తీసేసి దాని చోట ఒక కొత్తది పెట్టారు. తర్వాత డబ్బాలోకి మళ్ళీ చూసి, ఇంకొకటి ఏరి, ఆ పైన ఉంచారు.